తెర మీద కనపడని మాట

“మా చెల్లి కర్ర మడిచిందంటే పక్కన మనిషి ఉన్నట్టేనండి,” అన్నాడు సామ్యేలు.

నవనీత ఆరో అంతస్తులో ఫైర్ ఎగ్జిట్ తలుపు దాటి, మెట్ల మొదట్లో గొంతుక్కూర్చుని సిమెంటు అంచులు చూస్తోంది. మొన్న సోమవారం సాయంత్రం లీదియా ఈ మెట్ల మీదినుంచే కింది ల్యాండింగు దాకా పడిపోయింది. అప్పటినుంచీ స్పృహ లేదు. పుట్టుకతోనే చూపు లేని మనిషి, మెట్లు తెలియక పడిపోయిందని పోలీసులు ఒక్క వాక్యంలో తేల్చేశారు. ఆ వాక్యం మింగుడుపడకనే ఆమె అన్న సామ్యేలు నిన్న పొద్దున డిటెక్టివ్ నవనీత ఆఫీసు వెతుక్కుంటూ వచ్చాడు. అతను నర్సు. దెబ్బలు చూసి చూసి అలవాటైన కళ్ళు అతనివి.

“కర్ర సంగతి జర వివరంగ చెప్పుండ్రి.”

“ఒంటరిగా నడిచేటప్పుడు కర్ర చాపే ఉంటుందండి. ఎవరైనా తోడు నడిస్తే వాళ్ళ మోచెయ్యి పట్టుకుంటుంది. అప్పుడు మాత్రమే ముక్కలుగా మడిచి బ్యాగులో పెట్టేసుకుంటుంది. ఆస్పత్రిలో నాకిచ్చిన బ్యాగులో కర్ర మడిచే ఉంది.”

“పడినంక ఎవరన్న మడిచి పెట్టి ఉండొచ్చు గద?”

“దాని పట్టీ పోయిన నెల తెగిపోయిందండి. మా ఆవిడ తన జడకి పెట్టుకునే రబ్బరు బ్యాండిచ్చింది. దాన్ని చుట్టి, చివర లోపలికి దోపుతుంది లీదియా. నేను ఎన్నిసార్లు ప్రయత్నించినా నాకు రాలేదు. అది అలాగే ఉందండి.”

నవనీత లేచి నిలబడింది. లిఫ్టు నడవాకు ఆ చివర, లీదియా కుర్చీకి నాలుగడుగుల్లో ఉంది. ఈ మెట్లు ఈ చివర. మూడు నెలలుగా రోజూ లిఫ్టులో దిగే మనిషి, ఎవరి మోచెయ్యో పట్టుకుని, నమ్మకంగా, ఇంత దూరం నడిచి వచ్చింది.

“దెబ్బ తల వెనకనే గద?”

“వెనకేనండి. అరచేతుల మీద గీత కూడా లేదు. మోకాళ్ళు శుభ్రంగా ఉన్నాయి.”

“మెట్టు తప్పినోళ్ళు ముందుకు పడతరు. చేతులు ఆనించుకుంటరు.” నవనీత తలుపు వైపు తిరిగి, మెట్లకు వీపు పెట్టి నిలబడి చూసింది. “ఈమె గిట్ల నిలబడ్డది. ఎదురుంగ మనిషి ఉన్నడు. మాట్లాడుతున్నడు. మాట వచ్చే దిక్కుకు తిరిగింది.”

సామ్యేలు గోడకు చెయ్యి ఆనించుకున్నాడు. ఇన్నాళ్ళూ అనుమానంగా ఉన్నది ఇప్పుడు ఒక మనిషి ఆకారంలో చెల్లెలి ఎదుట నిలబడినట్టయింది అతనికి.

తలుపు తోసుకుని ఓబులేసు వచ్చాడు.

“ఏం నవనీతా, మెట్లు తుడుస్తుండావా?”

ఓబులేసు రిటైరైన సర్కిల్ ఇన్‌స్పెక్టరు. ఆయన దగ్గరే నవనీత ఆరేళ్ళు ఎస్సైగా పనిచేసి, ఆయనతో పడక ఉద్యోగం వదిలేసింది. ఇప్పుడు ఆయనకు సొంతంగా సెక్యూరిటీ ఏజెన్సీ ఉంది. ఈ అంతస్తులో ఉన్న, లీదియా పనిచేసే అవార్డుల కమిటీకి కాపలా మనుషులను పంపేది ఆయనే.

“చూస్తున్న సార్. మీరు చూడనిది.”

“పోలీసోళ్ళు కేసు మూసేసినారు. మళ్ళా తెరవనీకి నువ్వెవురు? సాయంత్రం ఆరు గంటలకు సభ. పెద్దోళ్ళు వస్తుండారు. కండ్లు లేని పిల్ల జారి పడింది, పాపం, మేమూ బాధపడినాం. ఆస్పత్రి ఖర్చులు కమిటీ పెట్టుకుంటాది. ఇంకేం గావల్ల?”

“నన్ను బయటికి పంపుతరా? పంపుండ్రి. సాయంత్రం స్టేజీ మీద షీల్డు ఇచ్చేటప్పుడు, ఆ మార్కులేసిన పిల్ల ఎందుకు రాలేదని పత్రికలోళ్ళు అడుగుతరు. లిఫ్టు పక్కన కూసునే మనిషి గింత దూరం నడిచి మెట్ల కాడికి ఎందుకు పోయిందని నేనే అడిగిస్త. మీరే జవాబు చెప్పుండ్రి.”

“నీ నోరు అట్లనే ఉంది,” అన్నాడు ఓబులేసు.

“మీ తొందర కూడ గట్లనే ఉంది సార్.”

ఆయన వాచీ చూసుకున్నాడు. “అర్ధగంట. నా ఎదురుగానే మాట్లాడు. ఆపైన ఈ ఫ్లోరులో కనపడద్దు.”

*

పురస్కారాల కమిటీ ఆఫీసు గదిలో ఒక గోడ పొడుగునా అట్టపెట్టెలు పేర్చి ఉన్నాయి. రాష్ట్ర శాఖలకూ, నగరాలకూ, మున్సిపాలిటీలకూ ఉన్న ప్రభుత్వ వెబ్‌సైట్లలో మేలైనవి ఎంచి ఏటా గౌరవించడం ఈ కమిటీ పని. ఐదుగురు పరీక్షకులు ఒక్కొక్కరు ఒక్కో కోణంలో మార్కులు వేస్తారు. చూపు లేనివాళ్ళు ఆ సైటును ఎవరి సాయమూ లేకుండా వాడుకోగలరా లేదా అన్నది తేల్చడం లీదియా వంతు. ఈసారి మున్సిపాలిటీల్లో మొదటి బహుమతి ఎర్రబండ మున్సిపాలిటీ ఫిర్యాదుల సైటుకు వచ్చింది.

పరీక్షకుల పనంతా చూసుకునేది దినేశ్ అనే యువకుడు. నవనీత వచ్చేసరికి షీల్డులకు రిబ్బన్లు కడుతున్నాడు. ఆమెను చూడగానే చేతిలో కత్తెర కింద పెట్టాడు. మళ్ళీ తీశాడు.

“కూసో దినేశ్. సోమవారం లీదియా చివరగ చేసిన పనేంది?”

“మార్కులు సబ్మిట్ చేసింది మేడమ్. ఐదూ యాభైకి. సిస్టంలో టైం ఉంది. ఎర్రబండకి తొంభై ఆరు ఇచ్చింది.”

“పడ్డది ఎప్పుడు?”

“అది ఎగ్జాక్ట్‌గా తెలీదు మేడమ్. ఆరు దాటాక హౌస్‌కీపింగ్ వాళ్ళు చూశారు.”

“నువ్వెక్కడున్నవు?”

“నా సీట్లోనే.”

“ఆమె ఎవరితోటి పోయింది?”

“ఒక్కతే వెళ్ళింది. నేను... నేను చూడలేదు. పనిలో ఉన్నాను.”

నవనీత ఓబులేసు వైపు తిరిగింది. “ఆమె ల్యాప్‌టాప్ ఏడుంది?”

“ఆ రాత్రే బీరువాలో పెట్టి సీలేసినా. ఎవురూ ముట్టలేదు.” ఆ మాట గర్వంగానే అన్నాడాయన. సీలు ఆయనే విప్పాడు.

మూత తెరవగానే తెర కళ్ళలోకి కొట్టినట్టు వెలిగింది. సామ్యేలు ఉలిక్కిపడ్డాడు. “ఇంత వెలుతురేంటండి? మా చెల్లి తెర పూర్తిగా ఆర్పేసుకుంటుంది. తనకి దాంతో పనేముంది? బ్యాటరీ మిగులుతుందంటుంది.”

నవనీత వంగి చూసింది. తెర మూలన శబ్దం గుర్తు మీద అడ్డగీత ఉంది. తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపించే ప్రోగ్రాం మూసేసి ఉంది. ఆమె ల్యాప్‌టాప్‌ను దినేశ్ ముందుకు జరిపింది.

“ఇదే పేజీ గద మార్కులేసేది? కండ్లు మూసుకో.”

“మేడమ్?”

“మూసుకో. శబ్దం బంద్ ఉంది. చదివే ప్రోగ్రాం బంద్ ఉంది. లీదియా చేసినట్టే నువ్వు జేసి చూపించు. ఎర్రబండకు తొంభై ఆరు ఎయ్యి.”

దినేశ్ కళ్ళు మూసుకున్నాడు. వేళ్ళు కీబోర్డు మీద కాసేపు తడుముకుని ఆగిపోయాయి.

“ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఉంటుంది మేడమ్...”

“శబ్దమే బందుంటే ఇయర్‌ఫోన్ల ఏం వినపడతది?”

ఓబులేసు తెర మీదికి వంగాడు. తను వేసిన సీలు కమిటీ మనిషి మీదే సాక్ష్యమవుతుందని ఆయన అనుకోలేదు. దినేశ్ కళ్ళు తెరవలేదు. మూసిన రెప్పల కిందినుంచి నీళ్ళు కారాయి.

“సున్నా ఇచ్చింది మేడమ్,” అన్నాడు. “ఎర్రబండకి సున్నా. మిగతా నలుగురు జడ్జీలూ సూపర్ అన్నారు. మూడు భాషలు, పెద్దక్షరాలు, ప్రతి ఫిర్యాదుకీ వారంలో జవాబు. లీదియా ఒక్కతే సున్నా. అప్పటికే షీల్డు మీద పేరు చెక్కించేశారు. ఏదో ఒకటి చేయమని పైనుంచి ఒకటే ఫోన్లు. ఆమె వెళ్ళిపోయాక నేను మార్చాను. నేను చేసింది అదొక్కటే. ఒట్టు.”

“ఎందుకు సున్నా ఇచ్చిందో అడగలేదా?”

“అడిగాను. ‘ఈ సైటు నాకొక మాట చెప్తోంది దినేశ్, మీకెవరికీ అది కనపడట్లేదు’ అంది. రేపు కమిటీ ముందు వినిపిస్తానంది. నాకు అర్థం కాలేదు.”

“ఆమెను మెట్ల కాడికి ఎవరు తీసుకపోయిండ్రు?”

సామ్యేలు ముందుకు వచ్చి దినేశ్ కుర్చీ వీపు పట్టుకున్నాడు. కొట్టడానికి కాదు, నిలబడడానికి.

“చెప్పు బాబూ,” అన్నాడు మెల్లగా. “నువ్వు రోజూ టీ తెచ్చిస్తావని ఇంట్లో చెప్పేది మా చెల్లి.”

ఆ మాటకు దినేశ్ కుంగిపోయాడు. “ఐదున్నరకి సెక్యూరిటీ డ్రెస్సులో ఒకతను వచ్చాడండి. లిఫ్టు ఆగిపోయింది, మేడమ్‌ను మెట్లమీద దించుతానన్నాడు. ఆమె నా మోచెయ్యి పట్టుకుంది. తలుపు దాకా నేనే తీసుకెళ్ళాను. ‘ఇగ నేను చూసుకుంట సార్, మీరు పోండి’ అన్నాడు. నేను వచ్చేశాను. నాకూ ఆమె త్వరగా వెళ్ళిపోతే బాగుండునని ఉంది, మార్కులు మార్చాలి కదా.”

“చప్పుడు వినపడలేదా?”

“వినపడింది. తలుపనుకున్నాను.” గొంతు తగ్గింది. “తలుపే అనుకోవాలనుకున్నాను.”

సామ్యేలు చేతులు కుర్చీ మీదినుంచి జారిపోయాయి. కిటికీ దగ్గరికి వెళ్ళి అటు తిరిగి నిలబడ్డాడు.

“మొఖం చూసినవా?” అంది నవనీత.

“మాస్కు, టోపీ ఉన్నాయి. గొంతు మాత్రం గుర్తుంది. బొంగురుగా ఉంటుంది.”

“సోమవారం లిఫ్టు ఆగలే,” అన్నాడు ఓబులేసు హఠాత్తుగా. తన నోటితోనే ఆ మాట చెప్పవలసి రావడం ఆయనకు కష్టంగా ఉంది. “ఆగింటే నాకు ఫోనొస్తాది. ఏ డ్రెస్సు? ఖాకీనా, నీలమా?”

“నీలం సార్. మీ వాళ్ళదే.”

*

నవనీత శబ్దం పెంచింది. చదివే ప్రోగ్రాం తెరిచింది. వెంటనే ఒక యంత్రపు ఆడగొంతు గదిలో మాట్లాడడం మొదలుపెట్టింది. ఎర్రబండ సైటు తెరిచి, లీదియా ఫోను నంబరు కొడితే ఆమె పెట్టిన ఫిర్యాదు వచ్చింది. ఎర్రబండ గుట్ట దగ్గర క్వారీలో పేలుళ్ళ వల్ల అంధ విద్యార్థుల హాస్టలు గోడలు బీటలు వారుతున్నాయి, పిల్లలు వణికిపోతున్నారు, ఆపించండి అని రాసింది. సోమవారం పొద్దున పెట్టింది. అదే మధ్యాహ్నం పచ్చటి టిక్కుతో ‘పరిష్కారమైంది’ అని ఉంది.

“ఆ హాస్టల్లోనే చదివిందండి,” అన్నాడు సామ్యేలు కిటికీ దగ్గరనుంచే. “ఊరికే పరీక్ష కోసం పెట్టిన ఫిర్యాదు కాదు అది.”

“నేను కూడ ఒకటి పెడత,” అంది నవనీత. అవే మాటలు, ఆ హాస్టలు, ఆ పేలుళ్ళు. పేరు తనది, ఫోను తనది, నల్లగండ్లలో ఇంటి చిరునామా తనది. మీట నొక్కింది.

తెర మీద రెండు చేతులు జోడించిన బొమ్మ వచ్చింది. దాని కింద ఒకే ఒక్క వాక్యం. యంత్రపు గొంతు దాన్ని చదివింది.

“మీ ఫిర్యాదు అందింది. ధన్యవాదాలు.”

అక్కడితో ఆగాలి. తెర మీద ఇంకేమీ లేదు, తెల్లగా ఉంది. గొంతు మాత్రం ఆగలేదు.

“నకలు పంపబడింది. క్వారీ సూపర్‌వైజరు. ఫిర్యాదుదారు పేరు, ఫోను, ఇంటి చిరునామా జతచేయబడ్డాయి.”

నవనీత మళ్ళీ వినిపించింది. మళ్ళీ అదే. అందరి కళ్ళూ ఖాళీ తెర మీద ఉన్నాయి. చెవుల్లో మాత్రం ఆ మాట.

“ఇదేంది దినేశ్?”

దినేశ్ పేజీ వెనకున్న కోడ్ తెరిచి చూశాడు. “అక్షరాలని తెర అంచు అవతలికి నెట్టేశారు మేడమ్. కంటికి కనపడవు. చదివే ప్రోగ్రాం మాత్రం పేజీలో ఉన్నదంతా చదివేస్తుంది. తయారుచేసినవాళ్ళు వాళ్ళ చెకింగ్ కోసం పెట్టుకుని, తీసేయడం మర్చిపోయి ఉంటారు.”

“అంటే, క్వారీ మీద ఎవరు ఫిర్యాదు పెట్టినా వాళ్ళ ఇల్లు ఏడుందో క్వారీవోళ్ళకు చెప్తున్నది ఈ సైటు. ఫిర్యాదు పెట్టినోళ్ళు భయపడి ఊకుంటరు. వారంల పచ్చటి టిక్కు పడతది. దానికి మీరు షీల్డిస్తున్నరు.”

ఓబులేసు కుర్చీలో కూర్చుండిపోయాడు. నవనీత ఆయనను అలా చూడడం అదే మొదటిసారి. “ఎర్రబండలో ఒక రిటైర్డ్ పంతులు కాళ్ళు గుర్తు తెలియనోళ్ళు ఇరగ్గొట్టినారని పోయిన నెల పేపర్లో చదివినా,” అన్నాడు. “ఊళ్ళో ఏదో తగువనుకున్నా.” తలెత్తి ఆమెను చూశాడు. “నీ చిరునామా ఎందుకిచ్చినావమ్మా? నీకేమైనా బుద్ధుందా?”

“లీదియా కూడ సొంతదే ఇచ్చింది సార్. దొంగ పేరు పెడితే ఎవరొస్తరో ఎట్ల తెలుస్తది?”

ధైర్యంగానే అంది కాని, ఆ ఇంట్లో ఈ వేళకు తన తల్లి ఒక్కతే ఉంటుంది. ఫోను తీసి, పక్కింటికి పోయి కూర్చోమని, తను వచ్చేదాక అక్కడినుంచి కదలొద్దని తల్లికి చెప్పింది. ఎందుకని ఆమె అడుగుతుండగానే ఇంకో ఫోన్‌కాల్ వచ్చి మధ్యలో పడింది. తెలియని నంబరు.

నవనీత తల్లితో మాట ఆపి, వేలు పెదవి మీద పెట్టుకుని మిగతావాళ్ళకు సైగ చేసింది. ఫోను బల్ల మీద పెట్టి స్పీకరు వేసింది.

“నవనీత మేడమేనా?” బొంగురు మగగొంతు. మర్యాదగానే ఉంది. “గుట్ట కాడ పేలుళ్ళని ఫిర్యాదు పెట్టిన్రంట గద. అక్కడేం లేదు మేడమ్. వాపస్ తీసుకోండ్రి.”

“మీరెవరు?”

“ఎవరైతే ఏంది. మంచికి చెప్తున్న. మొన్న గూడ ఒక కండ్లు లేని పిల్ల గిట్లనే పెట్టింది. పాపం, ఏమైందో చూసిన్రా? నల్లగండ్లల మీ ఇల్లు నాకు దూరం గాదు. జర పనిలున్న, అది అయినంక వస్త.”

ఫోను కట్టయింది.

దినేశ్ నిలబడి ఉన్నాడు. కుర్చీ వెనక్కి పడింది, అతనికి తెలియలేదు. “అదే గొంతు మేడమ్. మెట్ల దగ్గర. అదే.”

నవనీత వెంటనే ఓబులేసు వైపు చూసింది. ఆయన ఫోనునే చూస్తున్నాడు, అది ఇంకా మాట్లాడుతున్నట్టు.

“ఎవరు సార్?”

“రామన్న,” అన్నాడు. “మా రామన్న. రెండు నెలలైంది చేరి. ముందు యాడో క్వారీలో వాచ్‌మన్‌గా చేసినానన్నాడు. మంచోడని పెట్టుకున్నా.”

“ఇప్పుడు ఏడున్నడు? ఏ డ్యూటీ?”

ఓబులేసు సామ్యేలును చూశాడు. ముప్పై ఏళ్ళ పోలీసు ఉద్యోగంలో ఎన్నో ఇళ్ళ గుమ్మాల్లో చెడ్డ వార్తలు చెప్పిన మనిషి, ఇప్పుడు ఈ మాట చెప్పడానికి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

“కమిటీవోళ్ళే అడిగినారు. పత్రికలోళ్ళు ఆస్పత్రికి పోయి గలాటా చేస్తారని, పాప రూము దగ్గర ఒక మనిషిని పెట్టమన్నారు. పొద్దున నేనే పంపినా. తన్నే పంపమని వాడే అడిగినాడు.”

ఆ పొద్దుననే లీదియాను ఐసీయూ నుంచి మామూలు గదికి మార్చారు. ప్రమాదం తప్పిందని, వేళ్ళు కదిలిస్తోందని డాక్టర్లు చెప్పారు. సామ్యేలు దారి పొడుగునా నవనీతకు చెప్పిన సంతోషం అదొక్కటే. ఇప్పుడు అతను జేబులోంచి ఫోను తీశాడు. నవనీత లాక్కుని అతని భార్య ప్రశాంతి నంబరు కొట్టింది. ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో సామ్యేలు భుజం పట్టుకుని అప్పటికే నడవాలో పరుగెడుతోంది. వెనక ఓబులేసు తన ఫోనులో స్టేషనుకు అరుస్తూ వస్తున్నాడు.

మూడో రింగుకు ప్రశాంతి ఎత్తింది. చుట్టూ గ్లాసుల చప్పుడు, మనుషుల మాటలు.

“ప్రశాంతీ, లీదియా పక్కననే ఉన్నవా?”

“లేదండి మేడమ్, కింద క్యాంటీనులో ఉన్నాను. పొద్దుట్నుంచీ ఏమీ తినలేదని ఆ సెక్యూరిటీ అబ్బాయే పంపించాడు.” తృప్తిగా, అలసటగా ఉంది ఆ గొంతు. “చాలా మంచివాడండి. నేను తిని వచ్చేదాకా తలుపేసుకుని లోపలే కూర్చుంటానన్నాడు.”